ఓడకెక్కినవి, ఊళ్ళో ఉండిపోయినవి

మెల్బోర్న్ వెళ్ళడానికి మాకు వలస వీసా 2005లో వచ్చింది. విజయవాడ సత్యనారాయణపురంలో మామగారు కట్టించిన ఇంట్లో అప్పటికి అత్తయ్య, మేమిద్దరం, మా అమ్మాయి ఉండేవాళ్ళం. మామగారు పోయిన తరువాత కూడా ఆయన కొన్న సామానులో ఒక్కటీ గడప దాటలేదు. దానికి తోడు నా పెళ్ళిసామాను, అత్తయ్య పుట్టింటి నుంచి వచ్చిన ఇత్తడి, ఆవిడ అత్తగారి కాలం నాటి రాగి, తరం మీద తరంగా అటకలెక్కి కూర్చున్నాయి. ఇల్లు అద్దెకివ్వాలనీ, అత్తయ్య హైదరాబాదులో బావగారి దగ్గరికి వెళ్ళాలనీ అనుకున్న రోజునే ఆ అటకలన్నీ దించక తప్పదని తేలిపోయింది. ఒక గదిలో అన్నీ సర్ది తాళం వేసుకుందామని మావారు అంటే, తాళం వేసిన గదిలో ఎలుకలు కాపురం పెడతాయని అత్తయ్య ఒప్పుకోలేదు. వెంట ఏవి తీసుకువెళ్ళాలో నిర్ణయించుకోవడానికి మాకు పెద్దగా సమయం పట్టలేదు. తీసుకువెళ్ళలేని ప్రతి వస్తువుకూ ఒక ఇల్లు వెతకడానికి మాత్రం బయలుదేరే రోజు దాకా పట్టింది.

సలహాలకు కొదవ లేదు. మా అన్నయ్య 1998లో న్యూజెర్సీ వెళ్ళాడు కనుక ఈ విషయంలో మా ఇంటికి ఆయనే ప్రమాణం. ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, మిక్సీ తీసుకువెళ్ళవద్దని, గ్రైండరు మాట తలపెట్టవద్దని, వీడియో క్యాసెట్లు ఎవరికైనా ఇచ్చేయమని వరసగా చెప్పేవాడు. అమెరికాకు అవన్నీ నిజాలే. అక్కడ కరెంటు 110–120 వోల్టులు, 60 సైకిల్సు. మన మిక్సీని అక్కడ పెడితే తిరిగీ తిరగనట్టు మూలుగుతుంది. అక్కడి టీవీల పద్ధతి అప్పట్లో వేరు కనుక మన క్యాసెట్టు పెడితే బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు. ఆస్ట్రేలియాలో అలా కాదు. కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 సైకిల్సు, టీవీ పద్ధతీ అప్పట్లో మనదే, చివరికి రోడ్డుకు ఎడమవైపున నడపడం కూడా మనలాగే. తేడా అంతా గోడలోని ప్లగ్గు దగ్గరే. అక్కడి ప్లగ్గుకు చదునైన పిన్నులు ఏటవాలుగా ఉంటాయి. తాను నష్టపోయి నేర్చుకున్న పాఠాలు మాకు పనికిరావన్న సంగతి అన్నయ్యకు కాస్త కష్టంగానే అనిపించినట్టుంది. బరువు విషయంలో మాత్రం ఆయనదే పై చెయ్యి. అమెరికా విమానాలలో అప్పట్లో మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు అనుమతించేవారు. మాకు టికెట్టు మీద రాసి ఉన్నది మనిషికి 20 కిలోలు. వలస వీసా చూపించి మా ఏజెంటు ఇంకొక పది కిలోలు ఇప్పించాడు. బట్టలు, సర్టిఫికెట్లు, రెండేసి జతల కళ్ళజోళ్ళు, డాక్టరు చీటీతో సహా మందులు, ఒక కుక్కరు, దానికి రబ్బర్లు, అవి కాక మొదటి వారానికి సరిపడా వంటసామాను సర్దేసరికి ఆ ముప్పై కిలోలూ నిండిపోయాయి.

మిగిలినది ఓడలో పంపాలి. ఈ ఓడ లెక్క మా ఇంటి ఆలోచననే తలకిందులు చేసింది. విమానంలో సామానుకు బరువు చూస్తారు. ఓడలో, మొత్తం కంటైనరు తీసుకోలేని మాబోటివారి సామానుకు, అది ఎంత చోటు ఆక్రమిస్తుందో చూసి ఘనపు మీటర్ల లెక్కన చార్జీ వేస్తారు. ఘనపు మీటరుకు టన్ను బరువు దాటితే తప్ప బరువు ఊసే ఎత్తరు. అంటే ఉన్ని దుప్పటికీ, బూరుగుదూది పరుపుకూ, ప్లాస్టిక్ బకెట్టుకూ బోలెడంత అవుతుంది. ఇత్తడికీ, ఇనుముకూ, రాతికీ దాదాపు ఏమీ కాదు. ఈ సంగతి మావారు టేపు పట్టుకుని వివరించిన సాయంత్రం అత్తయ్య కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత లేచి పెరట్లోకి వెళ్ళి, పచ్చళ్ళు నూరే చిన్న రోలును కాలితో తట్టి, "అయితే దిండు ఎక్కదు కానీ ఇది ఎక్కుతుందన్నమాట" అన్నారు. ఎక్కుతుందన్నాం. "బండతో సహానా?" అని అడిగారు. బండ రోట్లోనే ఇముడుతుంది కనుక దానికి వేరే చోటు కూడా అక్కరలేదన్నాం. ఆ క్షణం నుంచి ఆవిడ మా ప్రయాణానికి పూర్తిగా అనుకూలమయ్యారు.

అలా నేను కలలో కూడా తీసుకువెళ్ళగలననుకోని వస్తువులు జాబితాలో చేరాయి. ఇనుప దోసెల పెనం, పొంగణాల పెనం, కోయంబత్తూరు గ్రైండరు, మూడు బిళ్ళలతో జంతికల గొట్టం, కొబ్బరికోరు, ఇత్తడి కాఫీ ఫిల్టరు, పింగాణీ జాడీలు రెండు. జాడీ లోపల ఖాళీగా పంపడం ఘనపు మీటరుకు ద్రోహం చేయడమని మావారు అనేవారు కనుక ఒక దాంట్లో గరిటెలు, ఇంకొక దాంట్లో అమ్మాయి గవ్వలు, అచ్చనకాయలు దూర్చాము. గంగాళంలో గుండిగ, గుండిగలో తపేలా, తపేలాలో గిన్నె, గిన్నెలో దీపపు కుందులు, ఇలా ఒకదాని కడుపులో ఒకటి పెట్టి చూసుకుంటూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళం. పుస్తకాలు మాత్రం ఓడ పెట్టెలో పెట్టలేదు. ఒకే చిరునామాకు పోయే అచ్చు పుస్తకాలను సంచీలో కట్టి సముద్రం మీదుగా చౌకగా పంపే ఏర్పాటు తపాలాశాఖలో ఉండేది. అవి మా వెనక నెలల తరబడి ప్రయాణం చేసి, మూలలు నలిగినా ఒక్కటీ తప్పిపోకుండా చేరాయి.

కర్ర దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆస్ట్రేలియావారు చెక్క, గడ్డి, ఆకు, గింజ, మట్టి, పాలతో చేసినవి, ఇలాంటివి ఏవి వచ్చినా ముందుగా చెప్పమంటారు, విప్పి చూస్తారు. వారి భయం వారిది. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి అక్కడ లేదు. మన ధాన్యపు బస్తాలను తినే ఖప్రా అనే చిన్న పెంకుపురుగు కూడా అక్కడ స్థిరపడలేదు. సామాను పెట్టే చెక్కపెట్టెకు సైతం, వేడితోనో మిథైల్ బ్రోమైడు పొగతోనో శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలన్నారు. కనుక చీపురు, చేట, తాటాకు విసనకర్ర, తులసిపూసలు, అత్తయ్య స్వయంగా వండిన పాలకోవా, అన్నీ మొదటిరోజే జాబితాలోంచి పోయాయి. వాటికి నేనేమీ బాధపడలేదు. నా ప్రాణమంతా బొమ్మలపెట్టె మీద ఉండేది.

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టేవాళ్ళం. కొండపల్లి మాకు దగ్గరే కావడం వల్ల మామగారు ఏటా ఒకటో రెండో బొమ్మలు తెచ్చేవారు. దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు, రోట్లో దంచే అమ్మలక్కలు. ఏటికొప్పాక లక్కబొమ్మలు నా పుట్టింటివి. రెండూ చెక్కబొమ్మలే అయినా స్వభావం వేరు. ఏటికొప్పాక బొమ్మను అంకుడు కర్రతో తరిణి పట్టి, పైన లక్క ఎక్కిస్తారు కనుక దానికి సందు ఉండదు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రది. చేతిలోకి తీసుకుంటే బెండులా తేలికగా ఉంటుంది. చేతులు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురుతో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. పురుగుకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఆ బొమ్మలన్నీ వరండాలో చాప మీద పరిచి ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూశాము. అంబారీ ఏనుగు చూడడానికి నిక్షేపంలా ఉంది. నల్లని ఒంటి మీద ఎర్రటి గుడ్డ, దాని అంచుకు పసుపు చుక్కలు, లోపల రాజూ రాణీ. తిప్పి చూస్తే వెనక కాలి మడమ దగ్గర సూదితో గుచ్చినంత బెజ్జం కనిపించింది. చాప మీద వేలితో మెల్లగా తట్టగానే గోధుమపిండిలాంటి పొడి రాలింది. ఎంత రాలిందంటే, తుడిచేసి మళ్ళీ తడితే మళ్ళీ అంతే రాలింది. మా అమ్మాయికి అది చాలా వింతగా ఉండి, ఏనుగు పిండి పోస్తోందని ఇంటిల్లిపాదికీ చెప్పి వచ్చింది. ఎండలో పెట్టి, కర్పూరం వేసిన డబ్బాలో ఉంచి చూద్దామన్నారు అత్తయ్య. అయినా లోపల ఏముందో ఎవరూ పూచీ పడలేరు. దశావతారాలలో వరాహమూర్తికి, కూర్మానికి కూడా అదే జబ్బు. అవతారాలు రెండు తక్కువైతే ఆ వరస పెట్టడమెందుకని మొత్తం పదింటినీ ఇక్కడే ఉంచాము. గీత కార్మికుడు, ఎడ్లబండి, లక్కబొమ్మలు ఓడకెక్కాయి. ఏనుగునూ, అవతారాలనూ వెనక వీధిలో కొలువు పెట్టే ఒక టీచరుగారు తీసుకున్నారు. వారి ఇంట ఆ తరువాతి సంక్రాంతికి ఏనుగు మెట్టు మీద నిలబడిందని ఉత్తరం రాశారు. పొడి సంగతి ఆవిడ రాయలేదు, నేను అడగలేదు.

చట్టం అడ్డుపడిన వస్తువు ఒక్కటే. ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి దేవుడి గదిలో ఉండేది. మామగారి తాతగారిదని అనేవారు. దాన్ని చదవగలిగినవారు ఇంట్లో ఎవరూ లేరు. దసరాకు పసుపు కుంకుమలు పెట్టడం వరకే మాకు తెలిసిన మర్యాద. కొడుకుగా అది తనతో ఉండాలని మావారు పట్టుపట్టారు. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన విగ్రహాలు, కళాఖండాలు మొదలైనవాటినీ, విలువైన రాతప్రతులైతే డెబ్బై అయిదేళ్ళు దాటినవాటినీ మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఈ నియమం సామాను పంపించే కుర్రవాడే చెప్పాడు. ఆ లెక్కకు మా తాటాకులు ఏనాడో ముదిరిపోయాయి. చివరికి హైదరాబాదులో ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి ఇచ్చాము. అక్కడి పెద్దాయన కట్ట విప్పి, ఆకులు ఒకదానికొకటి అంటుకోకుండా విడదీస్తూ, సగం వైద్యం, సగం జ్యోతిషం అని రెండు నిమిషాలలో తేల్చి చెప్పారు. ఇన్నేళ్ళూ పూజ చేసిన మాకు ఆ మాత్రమైనా తెలియదు. ఆకులకు నిమ్మగడ్డి నూనె పట్టించాలని, అలా చేస్తే పురుగు పట్టదనీ, ఆకు విరగదనీ ఆయన చెబుతుంటే మావారు శ్రద్ధగా విన్నారు. బయటికి వచ్చాక, మన దగ్గర ఉంటే పసుపు నీళ్ళే పడేవి అని మాత్రం అన్నారు.

ఇక గిన్నెలు. ఈ జ్ఞాపకాలలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. మన ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు కొట్టించడం అందరికీ తెలిసిందే. పాత ఇత్తడి మీద ఇంటిపేరులో మొదటి అక్షరం, మనిషి పేరులో మొదటి అక్షరం, ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టినవి ఉంటాయి. స్టీలు వచ్చాక దుకాణంలో గుర్రుమనే మిషనుతో పూర్తి పేరు, సందర్భం, తేదీ కూడా వేయడం మొదలైంది. పెళ్ళిళ్ళకు పేరంటాలకు గిన్నెలు ఇంటింటికీ తిరిగే రోజులలో, ఎవరివి వారికి చేరడానికి పెట్టుకున్న గుర్తులవి. అటకల మీద నుంచి దించినవన్నీ హాలులో పోసినప్పుడు నడవడానికి సందు లేదు. పాత సామాను కొనేవాడు తూకం పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు. కళాయి పోసేవారు వీధుల్లోకి రావడం మానేశాక ఇత్తడి గిన్నెల్లో వంట చేయడం ఎప్పుడో పోయింది కనుక, అంతా కిలోల లెక్కన ఇచ్చేసి చేతులు దులుపుకుందామని మావారి ఉద్దేశం.

అత్తయ్య ఒక స్టూలు వేయించుకుని కూర్చుని, "అమ్మాయ్, పేరు చదవకుండా ఒక్కటీ తక్కెడలో పడటానికి వీల్లేదు" అన్నారు. నేను చదవడం, ఆవిడ చెప్పడం మొదలైంది. అడుగున మసి పట్టి అక్షరాలు కనిపించకపోతే చింతపండు రాసి తోమేదాన్ని. ఒక స్టీలు బేసిను మీద, "గృహప్రవేశ శుభాకాంక్షలతో" అని మామగారి సహోద్యోగి పేరు. ఒక మరచెంబు మీద అత్తయ్య పుట్టింటి అక్షరాలు. ఒక కాఫీ గ్లాసుల సెట్టు మీద, ఆరింటి మీదా, మా పెద్దమ్మ పేరు. ఏడో గ్లాసు మీద ఎవరిదో వేరే పేరు. ఎప్పుడో ఏ పెళ్ళిలోనో మారిపోయి ఉంటుంది. పేరున్న మనిషి బ్రతికి ఉంటే, ఆ గిన్నె వారికి కబురు పెట్టి ఇవ్వాలి. లేకపోతే వారి పిల్లలకు ఇవ్వాలి. వారూ వద్దంటే అప్పుడు తక్కెడ. ఇదీ అత్తయ్య పెట్టిన న్యాయం. తక్కెడ మనిషి మొదట విసుక్కున్నా, రెండో రోజు నుంచి తనే మసి తుడిచి అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు.

ఆ పేర్లు పట్టుకుని నేను ఎవరెవరికి ఫోన్లు చేశానో చెబితే నవ్వుతారు. పాతికేళ్ళుగా రాకపోకలు లేని బంధువులు కూడా ఒక సత్తుగిన్నె కోసం ఆటో కట్టించుకుని వచ్చారు. మా పక్కింట్లో ఒకప్పుడు ఉన్న పిన్నిగారు పోయి చాలా కాలమైంది. ఆవిడ కూతురు గుంటూరు నుంచి వచ్చింది. తీసుకోవలసినది ఒక స్టీలు కూజా. దాని మెడ దగ్గర ఉన్న పేరు మీద వేలితో రాసి చూసుకుని, "అమ్మ ఇది కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నానక్కా, పేరులో ఒక అక్షరం తప్పు పడిందని దుకాణంవాడితో పోట్లాడింది" అంది. చూస్తే నిజంగానే ఒత్తు ఒకటి లేదు. అన్నేళ్ళు మా ఇంట్లో ఉన్నా ఆ తప్పు మేమెవరమూ గమనించలేదు. ఆ పిల్ల కూజాను సంచిలో పెట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

ఒక గుండిగ మాత్రం మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఇరవై మందికి పప్పు వండగల పెద్ద ఇత్తడి గుండిగ అది. దాని అంచు మీద చుక్కలతో "వే. సు." అని ఉంది. మా ఇంటిపేరు కాదు, అత్తయ్య పుట్టింటివారిదీ కాదు. అంటే ఏదో శుభకార్యానికి ఎరువు తెచ్చి తిరిగి ఇవ్వడం మరచిపోయిన సొత్తు. ఈ సంగతి తేలగానే అత్తయ్య ముఖం చిన్నబోయింది. ఎవరింట తెచ్చామో, వారు మనల్ని ఎన్నేళ్ళు తిట్టుకున్నారో అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వీధిలో పాతవారందరినీ అడిగించారు. వేమూరివారా, వేదాంతంవారా అని ఊహించి చూశారు. ఎవరూ మాదని అనలేదు. దాన్ని అమ్మితే దొంగసొత్తు అమ్ముకున్నట్టు, ఎవరికైనా ఇస్తే పరుల సొమ్ము దానం చేసినట్టు అవుతుందని, దగ్గరలోని రామాలయం వంటశాలలో పెట్టి వచ్చాము. శ్రీరామనవమికి పానకం కలపడానికి బాగుంటుందని పూజారిగారు సంతోషించారు. అసలు యజమాని ఏనాటికైనా ఆ పానకం తాగి ఉంటాడని అత్తయ్య నమ్మకం.

మంచాలు, బీరువాలు, ఫ్రిజ్జు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అవి త్వరగానే పోయాయి. గ్యాసు సిలిండర్లు వెనక్కి ఇచ్చి, డిపాజిట్టు తీసుకుని టెర్మినేషను వోచరు రాయించుకున్నాము. ల్యాండ్‌లైను ఫోను అప్పగించాము. అత్తయ్య సారెగా తెచ్చుకున్న టేకు పట్టెమంచం బావగారి ఫ్లాటు లిఫ్టులో పట్టదని, మెట్ల మలుపులో తిరగదని కొలతలు చూసి చెప్పారు. దాన్ని ఎదురింటి దర్జీ తీసుకున్నాడు. నా పెళ్ళిలో ఇచ్చిన డ్రెస్సింగు టేబులు ఎవరు తీసుకువెళ్ళారో కూడా ఇప్పుడు గుర్తులేదు.

అయితే ఈ హడావుడిలో అత్తయ్య కూడా ఇల్లు మారుతున్నారన్న సంగతి మేము చాలా రోజులు పట్టించుకోనే లేదు. విదేశం వెళ్ళేది మేము కనుక జాబితాలన్నీ మావే, చర్చలన్నీ మావే. ఆవిడ వెళ్ళేది హైదరాబాదే కదా, ఏది కావాలంటే అది వ్యానులో వేసుకోవచ్చు కదా అనుకున్నాము. నిజానికి మాకున్నంత చోటు కూడా ఆవిడకు లేదు. బావగారి ఇంట్లో ఆవిడకు ఇచ్చిన గది పిల్లలు చదువుకునే గది. మా తోడికోడలు మంచి మనిషే, ఏమి తెచ్చుకున్నా కాదనేది కాదు. అయినా ఒకరి వంటింట్లోకి ఇంకొకరి గిన్నెలు వెళ్ళడమంటే ఏమిటో అత్తయ్యకు బాగా తెలుసు. ఒక రేకు పెట్టె తీసుకుని అందులో పట్టినంతే సర్దుకున్నారు. నాలుగు నేత చీరలు, మామగారి కళ్ళజోడు, పుట్టింటి మరచెంబు, పులుసు కాచుకునే రాచ్చిప్ప, చిన్న గంధపుసాన, అంతే. రాచ్చిప్పను పాత చీరలో చుడుతుంటే నేను సాయం వెళ్ళాను. "నా సామానుకు ఎవరూ టేపు పట్టుకోలేదు చూశావా" అన్నారు నవ్వుతూనే. నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి మావారితో చెప్పాను. ఆయన మరునాడు పొద్దున్నే టేపు తీసుకువచ్చి ఆ రేకు పెట్టెను నిజంగానే కొలిచి, కాగితం మీద రాసి తల్లి చేతిలో పెట్టారు. ఆవిడ ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో వేసుకున్నారు.

సామాను చెన్నై రేవు నుంచి బయలుదేరి, మేము వెళ్ళిన కొన్ని వారాలకు మెల్బోర్న్ చేరింది. అప్పటిదాకా అద్దె ఇంట్లో ఒక కుక్కరు, రెండు గిన్నెలతో కాపురం నడిపాము. విమానాశ్రయంలో ఆవకాయ సీసా అడిగి చూసి, మూత తిప్పి వాసన తగలగానే నవ్వి వదిలేశారు. ఓడ సామాను తనిఖీ అంత తేలికగా జరగలేదు. ఊరి పడమటి శివార్లలోని ఒక గోదాములో పొడవాటి బల్ల మీద మా పెట్టెలు విప్పారు. అధికారి చేతి తొడుగులు వేసుకుని, దీపం పట్టుకుని, ఎడ్లబండిని చక్రాలతో సహా తిప్పి చూశాడు. రోలును చూసి, ఇది దేనికని అడిగాడు. నేను చేత్తో నూరినట్టు చూపిస్తే తల ఊపి, మట్టి ఉందేమోనని అడుగు భాగాన్ని బ్రష్షుతో గీకాడు. అత్తయ్య దాన్ని పంపే ముందు పీచుతో ఎన్నిసార్లు కడిగించారో నాకు తెలుసు కనుక ధైర్యంగా నిలబడ్డాను. ఆ తరువాత ఇత్తడి బిందెలో చెయ్యి పెట్టి, పసుపు గుడ్డ మూట ఒకటి బయటికి తీశాడు.

ఆ మూట మా జాబితాలో లేదు. విప్పితే నవధాన్యాలు. గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, నువ్వులు, మినుములు, ఉలవలు. కొత్త ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు కావాలని అత్తయ్య ఎప్పుడో, మేము చూడనప్పుడు, బిందెలో దాచారు. వద్దన్న వస్తువులన్నీ ఒక్క గుప్పెట్లో ఉన్నాయి. ఇది మా అత్తగారి పని అని నేను చెబితే ఆయన నమ్మాడో లేదో తెలియదు గానీ, మర్యాదగానే మాట్లాడాడు. శుద్ధి చేయించడానికి వీలు లేదు, కావాలంటే మీ ఖర్చుతో వెనక్కి పంపుకోవచ్చు, లేదంటే మేము కాల్చివేస్తాము అన్నాడు. గుప్పెడు గింజలను వెనక్కి పంపడమేమిటని కాల్చివేయమన్నాము. ఆ సాయంత్రం హైదరాబాదుకు ఫోను చేసి, అత్తయ్యకు ఎలా చెప్పాలా అని తటపటాయిస్తూ చెప్పాను. "హోమం చేస్తే మనమైనా అగ్నిలోనే కదా వేస్తాం, వాళ్ళ చేతి మీదుగా జరిగింది, పోనీలే" అన్నారు.

వెళ్ళినవాటిలో ఏవి పనికివచ్చాయో, ఏవి రాలేదో చెప్పమని కొత్తగా వెళ్ళేవారు ఇప్పటికీ అడుగుతుంటారు. గ్రైండరు, పెనాలు, ఫిల్టరు వాడని వారం లేదు. రెండు డజన్ల స్టీలు కంచాలు ఎందుకు తీసుకువెళ్ళామో ఆ దేవుడికే తెలియాలి. వీడియో క్యాసెట్లు పని చేశాయి గానీ, వాటిని ఆడించే యంత్రమే కొన్నేళ్ళకు బజారులో దొరకకుండా పోయింది. బొమ్మలకొలువు మాత్రం ఏటా పెడుతున్నాము. మెల్బోర్న్‌లో సంక్రాంతి మండువేసవిలో వస్తుంది కనుక మెట్ల పక్కన ఫ్యాను పెట్టుకుని పేరంటం చేస్తాము. పంచాంగంలో తిథుల వేళలకు నాలుగున్నర గంటలు, వేసవిలో అయితే అయిదున్నర గంటలు కలుపుకోవడం అలవాటైపోయింది.

రోలు చాలా కాలం గ్యారేజీలో ఊరికే ఉంది. అద్దె ఇల్లు చెక్కనేల కావడంతో దాని మీద బండ వేసి నూరితే ఇల్లంతా అదిరేది. సొంత ఇల్లు కొన్నాక పెరట్లో సిమెంటు దిమ్మ వేయించి అక్కడ పెట్టాము. 2010లో అత్తయ్య మా దగ్గరకు వచ్చినప్పుడు, దిగిన మరునాడే గోంగూర పచ్చడి నూరబోయి, రోలు నున్నగా అయిపోయింది, మిరపకాయ జారిపోతోందని లేచారు. విజయవాడలో అయితే రోళ్ళకు గంట్లు కొడతామని కేకలు వేస్తూ వీధిలోకే వచ్చేవారు. ఇక్కడ ఎవరొస్తారు? మావారు హార్డ్‌వేర్ దుకాణం నుంచి ఒక ఉలి, సుత్తి, కళ్ళకు అద్దాలు కొనుక్కువచ్చి రోలు ముందు కూర్చున్నారు. అత్తయ్య కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని, ఒక్కొక్క దెబ్బకూ సూచనలిస్తూ పొద్దంతా చేయించారు. "అంత లోతు వద్దురా, పప్పంతా అందులోనే ఉండిపోతుంది. పైపైన కొట్టు. ఆ పక్కకు జరుగు, ఇప్పుడు ఇటు."